ఇంటికి ఉపగ్రహ ఇంటర్నెట్: బిగించేవాడికి వినిపించే అపోహలు, కనిపించే వాస్తవాలు

ఒంగోలులో పిట్టగోడల మీద డీటీహెచ్ డిష్‌లు బిగించడంతో మొదలైన నా పని, ఇప్పుడు టెక్సాస్‌లో ఆస్టిన్ పొలిమేర దాటాక ఫైబర్ రాని ఇళ్లకు ఉపగ్రహ ఇంటర్నెట్ అమర్చడం దగ్గరికి వచ్చింది. ఎకరమో రెండెకరాలో కొని ఇల్లు కట్టుకున్న మనవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు అన్నిచోట్లా ఒకటే.

అపోహ: "ఒక్క కొమ్మ అడ్డముంటే ఏమవుతుందన్నా?"

డీటీహెచ్ డిష్ చూసే ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరుగుతూ మనకు ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటుంది కనుక ఆ ఒక్క దిక్కు తెరిపిగా ఉంటే సరిపోతుంది. ఇంటర్నెట్ ఇచ్చే స్పేస్‌ఎక్స్ సంస్థ సేవ స్టార్‌లింక్ ఉపగ్రహాలు మాత్రం దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకు కాస్త ఎక్కువ సమయంలో భూమిని చుట్టి వస్తుంటాయి. డిష్ ఒకదాన్ని వదిలి మరొకదాన్ని అందుకుంటూ, సుమారు 110 డిగ్రీల వెడల్పున ఆకాశాన్నంతా వాడుకుంటుంది. డిష్ మాట్లాడుతున్న ఉపగ్రహం కొమ్మ చాటుకు వెళ్లిన ప్రతిసారీ కొన్ని క్షణాలు సిగ్నల్ తెగుతుంది. సినిమా ముందుగానే కొంత డౌన్‌లోడ్ అయి ఉంటుంది కాబట్టి చూసేవారికి ఆ తెగడం తెలియదు, ఆఫీసు కాల్‌లో ఉన్నవారికి మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఈ పాఠం నేను నేర్చుకున్నది నా తప్పు వల్లనే. ఒక జనవరిలో, ఆకులన్నీ రాలి మోడుగా నిలిచిన పెకాన్ చెట్టు పక్కన ఫోన్‌ను ఆకాశం వైపు తిప్పి, అడ్డంకులు చూపే స్టార్‌లింక్ యాప్‌తో పరీక్షిస్తే అడ్డేమీ పెద్దగా కనిపించలేదు. ఏప్రిల్‌లో ఆ చెట్టు చిగురించి గుబురుగా కమ్ముకున్నాక ఆ ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. చివరికి డిష్‌ను అక్కడి నుంచి తీసి, పెరటి మధ్యలో కాంక్రీటు పోసి నిలిపిన ఇనుప గొట్టం మీదికి నా ఖర్చుతోనే మార్చాను. అప్పటి నుంచి చలికాలంలో యాప్ చెప్పినదాని కంటే చెట్టు జాతినే ఎక్కువ నమ్ముతున్నాను.

అపోహ: ఇంటికప్పు మీద ఎంత ఎత్తున పెడితే అంత వేగం.

మరో పది అడుగులు పైకి వెళ్లినంత మాత్రాన ఉపగ్రహం దగ్గరపడదు. ఎత్తు ఉపయోగపడేది అడ్డు తప్పించుకోవడానికే. ఆకాశం తెరిపిగా ఉంటే నేల మీది గొట్టమే మేలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే కప్పుకు వేసిన ప్రతి రంధ్రమూ, సీలెంట్ ఎంత శ్రద్ధగా పూసినా, ఏనాటికైనా నీరు కారగల చోటే. అయితే స్టార్‌లింక్ కిట్‌తో సాధారణంగా వచ్చే కేబుల్ 15 మీటర్లే కాబట్టి దూరం ముందే కొలుచుకోవాలి. గొట్టాన్ని రాగి తీగతో ఇంటి ఎర్తింగ్‌కు కలపడం కూడా మరవకూడదు.

అపోహ: కాలనీ సంఘం వద్దంటే ఇక చేసేదేమీ లేదు.

సొంత స్థలంలో, ఒక మీటరు లేదా అంతకంటే తక్కువ వ్యాసమున్న డిష్‌ను సంఘాలు నిషేధించకుండా అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1996లో తెచ్చిన నియమం కాపాడుతుంది. అపార్ట్‌మెంట్ల ఉమ్మడి కప్పుకు మాత్రం ఇది వర్తించదు.

అపోహ: మబ్బు పడితే ఇంటర్నెట్ పోతుంది.

మామూలు మబ్బుకూ తుంపరకూ పోదు. ఉరుములతో కుండపోత కురిసే మేఘం డిష్‌కూ ఉపగ్రహానికీ మధ్యకు వస్తే, ఆ నీరు తరంగాలను పీల్చుకుని చెదరగొట్టడం వల్ల కొద్ది నిమిషాలు ఆగిపోవచ్చు. నిజానికి నేను చూసిన ఇళ్లలో వానకంటే కరెంటు పోవడం వల్ల ఆగిన సందర్భాలే ఎక్కువ. ప్రామాణిక డిష్ 75 నుంచి 100 వాట్లు వాడుతుంది, అంటే రోజుకు సుమారు రెండు యూనిట్లు. చిన్న యూపీఎస్ దాన్ని కాసేపు మోయగలదు.

అపోహ: ఉపగ్రహ ఇంటర్నెట్ ఏదైనా ఒకటే.

కొన్ని సంస్థలు ఇంటర్నెట్‌ను కూడా డీటీహెచ్ తరహా ఎత్తైన ఉపగ్రహాల నుంచే ఇస్తాయి. 35,786 కిలోమీటర్ల ఎత్తుకు మన అభ్యర్థన వెళ్లి దిగి, జవాబు మళ్లీ అదే దారిన రావడానికి కాంతివేగంతోనే దాదాపు అర సెకను పడుతుంది, దానిని ఏ ప్లానూ తగ్గించలేదు. పైగా ఆ జాప్యాన్ని కప్పిపుచ్చేందుకు సంస్థలు వాడే మెలకువలు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు రహస్యంగా కలిపే దారి) లోపల పనిచేయవు కనుక, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు తక్కువ ఎత్తు ఉపగ్రహాల సేవనే ఎంచుకోవాలి.

అపోహ: కిట్‌ను సూట్‌కేసులో పెట్టుకెళ్లి ఊళ్లో అమ్మానాన్నల ఇంటి మీద పెట్టవచ్చు.

స్టార్‌లింక్‌కు భారతదేశంలో 2025 జూన్‌లో లైసెన్సు వచ్చినా, అది సంస్థకు వచ్చిన అనుమతే తప్ప అమెరికాలో మీరు కొన్న పరికరానికి కాదు. అనుమతి లేని ఉపగ్రహ పరికరాన్ని దేశంలోకి తీసుకెళ్లడం చట్టవిరుద్ధం, కస్టమ్స్ దగ్గరే స్వాధీనం చేసుకోవచ్చు.