బడి గురించి పిల్లల్ని అడిగితే: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో స్కూల్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. చదువు మీద పిల్లల అభిప్రాయం తీసుకుందాం అన్నప్పుడల్లా స్టాఫ్‌రూమ్‌లోనూ, పేరెంట్స్ మీటింగ్‌లోనూ దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: సెలవులు, ఆటలు తప్ప ఇంకేం అడుగుతారు?

వాస్తవం: మొదటి ఐదు నిమిషాలు అవే అడుగుతారు, నిజమే. ఆ నవ్వులయ్యాక అసలు సంగతులు బయటికొస్తాయి. బాత్రూమ్ తలుపుకు గడియ లేదని పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లలున్నారు. పరీక్షలు దగ్గరపడితే పీటీ పీరియడ్ లెక్కల సార్‌ చేతికి వెళ్లిపోతుంది. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు అన్నాడు: "డౌట్ అడిగితే 'చెప్పేటప్పుడు ఏం చేస్తున్నవ్' అంటరు మేడం. అందుకే అర్థమైందనే చెప్తం." పాఠం ఎక్కడ ఆగిపోయిందో ఏ యూనిట్ టెస్టూ ఇంత స్పష్టంగా చెప్పదు.

అపోహ: "ఎవరికైనా ప్రాబ్లమా?" అంటే ఒక్కరూ చెయ్యెత్తలేదు. అంతా బాగానే ఉన్నట్టు.

వాస్తవం: క్లాసంతా చూస్తుండగా, టీచర్ పక్కనే నిలబడి ఉంటే ఎవరెత్తుతారు? టీచరే వేసే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు ఆవిడ చేతిలోనే ఉన్నాయాయె. పేరు రాయని చీటీలు పెట్టినా అంతే, దస్తూరీ చూసి పట్టేస్తారని పిల్లలకు తెలుసు. చిన్న తరగతులకు నేను బడి మ్యాప్ ఇచ్చి, నచ్చిన చోట పచ్చ చుక్క, భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టమంటాను. మెట్ల కింద, బస్సు వెనక సీట్ల దగ్గర ఎర్ర చుక్కలు గుంపుగా పడితే ఎవరినీ నిలబెట్టి అడగక్కర్లేదు. పెద్ద తరగతులవాళ్లు ముందు ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటే తర్వాత అందరి ముందూ నోరు విప్పుతారు. భాష ఇంకో అడ్డం. పాతబస్తీలో, ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయిని ఇంగ్లిష్‌లో చెప్పమంటే "ఎవ్రీథింగ్ ఈజ్ గుడ్ మేడం" అనే వస్తుంది.

అపోహ: అడిగితే అన్నీ చేయాలి, నెత్తికెక్కుతారు.

వాస్తవం: 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 1992లో మన దేశమూ చేరింది. దాని 12వ అధికరణం పిల్లల అభిప్రాయానికి వయసుకూ పరిణతికీ తగ్గ విలువ ఇమ్మంటుంది, చెప్పిందల్లా చేయమనదు. ఫోన్లు కుదరవు అంటే కుదరవు, ఎందుకో చెబితే చాలు. చీటీలు పట్టుకెళ్లాక ఏ కబురూ లేకపోతేనే వాళ్లు మళ్లీ రాయరు. అందుకే వారంలోపు నోటీస్ బోర్డు మీద పెట్టిస్తాను: మీరన్నది, మేం చేసింది, చేయలేనిది, కారణం.

అపోహ: హెడ్ బాయ్, హెడ్ గర్ల్ ఉన్నారుగా!

వాస్తవం: చీఫ్ గెస్ట్‌కి బొకే ఇవ్వడానికా? పిల్లల భాగస్వామ్యాన్ని పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించి, కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. అలంకారంగా నిలబెట్టడం వాటిలో ఒకటి.

అపోహ: "ఎవరికీ చెప్పను" అని మాటిస్తేనే మనసు విప్పుతారు.

వాస్తవం: ఆ మాట ఇవ్వకూడదు. పిల్లల మీద లైంగిక వేధింపు సంగతి తెలిస్తే, వాళ్లను అలాంటి నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. నేను మొదట్లోనే ఇలా అంటాను: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీకో, ఇంకొకరికో ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలిగినవాళ్లకు చెప్తాను. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తా." ఇది విని ఆ రోజుకు లేచి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. వెళ్లేముందు చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 డైరీ వెనక పేజీలో రాయిస్తాను.