పిల్లలకు ఉత్తరం: జీతం పెంచుతామంటే పైలట్లు వద్దన్నారెందుకు?

చిరంజీవి అమ్ములుకు, బుజ్జికి తాతయ్య దీవెనలు.

మీ పక్కింటి పైలట్ మామయ్య చెప్పింది విని మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది. 2022లో అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్లు జీతం 14 శాతం పైచిలుకు పెంచుతూ కొత్త ఒప్పందం చేసుకుందామంటే, ఓటు వేసిన పైలట్లలో నూటికి 94 మంది వద్దన్నారు. "వాళ్లకి లెక్కలు రావా తాతయ్యా?" అని రాశావు బుజ్జీ. లెక్కలు బాగా వచ్చు నాన్నా. వాళ్లు జీతం ఒక్కటే లెక్కేయలేదు, అంతే.

ముందు మా చిన్నప్పటి చెరువు సంగతి చెబుతాను. చెరువు తూము దగ్గర మొదలైన కాలువ ఎగువ పొలాలను తడిపి, కిందికి దిగి, చివరికి శివారు మడికి చేరేది. నీళ్లు తక్కువైన ఏడు ఊరంతా కూర్చుని తైబందీ చేసేవారు. ఈసారి ఎంత భూమికి నీళ్లు, ఎవరి వంతు ఎప్పుడు అని ముందే తేల్చుకోవడమన్నమాట. మడవ తిప్పేవాడు నీరటి. ఎగువ రైతు పగలు తన వంతు నీళ్లు పెట్టుకుని ఇంటికి పోయి నిద్రపోయేవాడు. శివారు రైతు మాత్రం లాంతరు, పార పట్టుకుని అర్ధరాత్రి గట్టు మీద కూర్చునేవాడు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. వచ్చినప్పుడు మనిషి అక్కడ లేకపోతే ఆ రాత్రి వంతు పోయినట్టే.

పైలట్ల బతుకూ ఈ కాలువ లాంటిదే. ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి ప్రతి పైలట్‌కీ ఒక సీనియారిటీ నంబరు ఇస్తారు. ఏ విమానం నడపాలి, ఏ ఊళ్లో మకాం, కెప్టెనా కో పైలటా, దీపావళికి ఇంట్లో ఉంటాడా లేడా, అన్నీ ఆ నంబరు ప్రకారమే. ప్రతి నెలా తమకు కావలసిన డ్యూటీలు కోరుకుంటూ అందరూ బిడ్ వేస్తారు. పైనుంచి కిందికి వరసగా పంచుకుంటూ వస్తారు. కింది నంబర్లవాళ్ల దాకా వచ్చేసరికి డ్యూటీలే మిగలవు. వాళ్లను రిజర్వులో పెడతారు. ఫోన్ మోగితే రెండు మూడు గంటల్లో విమానాశ్రయంలో ఉండాలి. గట్టు మీద లాంతరు పట్టుకు కూర్చున్న శివారు రైతు అతనే.

పొలం కదలదు, నంబరు కదులుతుంది. 65 ఏళ్లు నిండిన పైలట్లు చట్టప్రకారం దిగిపోతుంటే కిందివాళ్లు ఒక్కో మెట్టు పైకి వస్తారు. కానీ వేరే కంపెనీలో చేరితే మళ్లీ చిట్టచివరి నంబరే. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా అంతే. అందుకే పైలట్ మామూలు ఉద్యోగిలా నచ్చకపోతే ఇంకోచోటికి పోలేడు. ఉన్నచోటే కాలువను బాగు చేసుకోవాలి. ఒప్పందం గురించి వాళ్లు అంతగా వాదించుకోవడానికి మూలం ఇక్కడుంది.

ఇంకో విచిత్రం చూడండి. ఆ రోజుల్లో యునైటెడ్‌లో కెప్టెన్ పోస్టులు వందల కొద్దీ భర్తీ కాలేదు. కెప్టెన్ అయితే జీతం చాలా ఎక్కువ. అయినా కో పైలట్లు ముందుకు రాలేదు. ఎందుకంటే కో పైలట్లలో పైన ఉన్నవాడు కెప్టెన్ కాగానే కెప్టెన్ల వరసలో అట్టడుగుకు చేరతాడు. మళ్లీ రిజర్వు, మళ్లీ రాత్రి ఫోన్లు, సెలవు రోజున బలవంతపు డ్యూటీ. ఎగువ మడి వదిలి శివారుకు పోవడమే అది. కష్టపడి చదివి, కెప్టెన్ కావాలని కలలుగన్న మనిషి ఆ కుర్చీ వద్దన్నాడంటే, లోపం మనిషిలో లేదు, వంతులు వేసిన తీరులో ఉంది.

అందుకే ముసాయిదా ఒప్పందం చేతికి రాగానే అనుభవం ఉన్నవాళ్లు జీతాల పట్టిక పక్కన పెట్టి, షెడ్యూలింగు, రిజర్వు అధ్యాయాలు ముందు తెరుస్తారు. వందల పేజీలుంటుంది. పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. "సెలవు రోజున పిలిస్తే అదనపు జీతం ఇవ్వాలి" అని ఉందా, "ఇవ్వవచ్చు" అని ఉందా? ఆ ఒక్క మాట మారితే జీతంలో పెరిగింది ఇంకో దారిన జారిపోతుంది. తూము మూసి ఉన్నా, కింద ఎండ్రకాయ బొక్క ఉంటే చెరువు ఖాళీ కాదూ?

అలసట సంగతి కూడా చెప్పాలి. 2009 ఫిబ్రవరి 12న మీ నెవార్క్ విమానాశ్రయం నుంచే బయల్దేరిన ఒక చిన్న విమానం బఫెలో దగ్గర కూలి 50 మంది చనిపోయారు. ప్రమాద హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడం అసలు కారణమని దర్యాప్తులో తేలింది. అలసట కూడా పైలట్ల పనితీరును దెబ్బతీసి ఉంటుందని అదే నివేదిక చెప్పింది. కో పైలట్ ముందురాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసి వచ్చి డ్యూటీ ఎక్కింది. ఆ తర్వాతే కొత్త నిబంధనలు వచ్చి 2014 జనవరి నుంచి అమలయ్యాయి. డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో ఎవరూ కదిలించకుండా 8 గంటలు పడుకునే వీలు ఉండాలి. చట్టం ఇంతకన్నా తగ్గొద్దంటుంది. అంతకుమించి ఎంత అన్నది ఒప్పందంలో రాసుకోవాలి.

ఇక వాదన. అందరిదీ ఒకే కంపెనీ, ఒకే యూనిఫాం, అయినా అందరి లెక్కా ఒకటి కాదు. 62 ఏళ్ల కెప్టెన్‌కి మిగిలింది మూడేళ్లే. మళ్లీ బేరానికి కూర్చుంటే రెండేళ్లు గడిచిపోవచ్చు. మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకుంటామా అంటాడు. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఇదే కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. జీతాలు కోశారు, పెన్షన్లు పోయాయి. ముప్ఫై ఏళ్ల పైలట్ ఏమంటాడంటే, "ఈ రిజర్వు నిబంధనలతో నేను ఇంకా ముప్ఫై అయిదేళ్లు బతకాలి. ఇప్పుడు సంతకం పెడితే మళ్లీ మార్చుకునే అవకాశం ఎన్నేళ్లకో." ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వద్దన్నవాణ్ణి అత్యాశపరుడనీ, ఔనన్నవాణ్ణి పిరికివాడనీ తిట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. రేపు ఆ ఇద్దరూ ఒకే కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చోవాలి.

సమ్మె చెయ్యొచ్చుగా అంటావేమో అమ్ములూ. అది అంత సులువు కాదు. అమెరికాలో విమానాలకూ రైళ్లకూ ఒకటే చట్టం, 1926 నాటిది. విమానాలను 1936లో అందులో చేర్చారు. దాని ప్రకారం గడువు దాటినా ఒప్పందం రద్దు కాదు, కొత్తది వచ్చేదాకా పాతదే నడుస్తుంది. ప్రభుత్వ మధ్యవర్తులు ఇక కుదరదని వదిలేసి, ఆ పైన 30 రోజులు గడిస్తే గాని సమ్మెకు వీలుండదు. అందుకే ఈ బేరాలు ఏళ్ల తరబడి సాగుతాయి.

చివరికి ఏమైందంటే, 2023 మార్చిలో డెల్టా అనే మరో విమాన కంపెనీ పైలట్లు నాలుగేళ్లలో 34 శాతం పెంపుతో తమ ఒప్పందాన్ని ఆమోదించారు. దాంతో అందరి కొలతా మారింది. ఆ సెప్టెంబరులో యునైటెడ్ పైలట్లు కొత్త ఒప్పందానికి 82 శాతం ఓట్లతో ఔనన్నారు. విమానం రకాన్ని బట్టి జీతం నాలుగేళ్లలో 34 నుంచి 40 శాతం దాకా పెరుగుతుంది. అప్పుడు పైలట్ల కొరత ఉంది కాబట్టి ఆగినవాళ్లకు కలిసొచ్చింది. వానలు పడని ఏడైతే ఏమయ్యేదో!

మీరు ఈసారి హైదరాబాద్ వచ్చేటప్పుడు నెవార్క్‌లో గేటు దగ్గర కిటికీ పక్కన నిలబడండి. పసుపు జాకెట్ వేసుకున్న పైలట్ ఒకరు విమానం చుట్టూ తిరుగుతూ చక్రాలు, ఇంజన్ల మూతులు, రెక్కల అంచులు చూస్తుంటారు. టైము రాసుకోండి. తర్వాత ట్రాక్టరు లాంటి బండి విమానాన్ని వెనక్కి నెట్టడం మొదలుపెడుతుంది. అప్పటికి మీరు లోపల కూర్చుని ఉంటారు, ఆ టైము కూడా రాసుకోండి. అమెరికాలో పైలట్ల గంటల జీతం మామూలుగా ఆ రెండో టైము నుంచే లెక్కలోకి వస్తుంది. రెండింటికీ మధ్య ఎన్ని నిమిషాలు వచ్చాయో నాకు చెప్పాలి.

ప్రేమతో,
తాతయ్య