వెజ్జా, నాన్‌వెజ్జా అంటే సరిపోదు

పిల్లలూ,

తిరుపతి నుంచి తాత దీవెనలు. గుడ్డు తినే అమ్మాయి తాను వెజిటేరియన్ అని చెప్పుకోవచ్చా అని అడిగారు కదా, కాస్త వివరంగానే రాస్తున్నా.

మన దేశంలో ప్యాకెట్ల మీద వేసే గుర్తు లెక్కన గుడ్డు మాంసాహారమే. పచ్చ గడిలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమ రంగు చుక్క ఉండేది. 2020 నియమాల్లో దాన్ని త్రికోణం చేశారు. ఇప్పుడు రంగుల తేడా తెలియని వాళ్లు కూడా ఆకారం చూసి పోల్చుకోవచ్చు, చాలా మంచి పని. పాలు, తేనె జంతువుల నుంచి వచ్చేవే అయినా పచ్చ చుక్క కిందికే వస్తాయి.

ఇంగ్లండులో 1847లో పుట్టిన వెజిటేరియన్ సొసైటీ మాత్రం గుడ్డు తినేవాళ్లనూ తమలో కలుపుకుంటుంది. కాబట్టి ఆ అమ్మాయి అబద్ధమాడినట్టు కాదు. పాలు, గుడ్లు కూడా వద్దనుకున్న కొందరు అక్కడే 1944లో వేరే సంఘం పెట్టుకున్నారు. వీగన్ అనే పేరు వాళ్లు పెట్టుకున్నదే. ఆ లెక్కన శ్రీవారి లడ్డూ శాకాహారమే గానీ వీగన్ కాదు, నెయ్యి ఉంది కదా. మీలో ఎవరికైనా వీగన్‌గా ఉండాలనిపిస్తే ముందు బి12 సంగతి డాక్టరును అడగండి. మొక్కల తిండిలో ఆ విటమిన్ చాలినంత దొరకదు.

ఇక మన ఊరి సంగతి. కొండ మీద మాంసం నిషేధం. కొండ కింద గంగమ్మ జాతరకు కోడి కోసి మొక్కు తీర్చుకునే ఇళ్లలోనే, సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల పెరటాసిలో శనివారాలు వస్తే నీసు ముట్టరు. కొందరు ఆ నెలంతా మానేస్తారు. మా పక్కింటామె నాటుకోడి పులుసు పెట్టి సంగటి కెలికిందంటే వీధి వీధంతా ఘుమఘుమలే. అదే చేత్తో పెరటాసి రాకముందే కూరచట్టిని చింతపండు, బూడిద వేసి తోమి, ఎండలో ఆరబెట్టి, అటకెక్కిస్తుంది. నెల గడిచేదాకా అది కిందికి దిగదు. ఆమెను ఏ గుర్తు కింద వేస్తారు? ఎదురింట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా తినరు. వాళ్లకు పచ్చ చుక్క ఒక్కటే చాలదు, వెనక రాసిన పదార్థాలన్నీ చదువుకోవాల్సిందే.

నాకు బాధ కలిగేది ఇక్కడే. ఎవరి డబ్బాలోనో చేపల పులుసు ఉందని పక్కకు జరిగి కూర్చునే పిల్లల్ని చూశాను. మనిషి మంచివాడో కాదో వాడి డబ్బా చెప్పదు, నాయనా. మీరు అలా జరగొద్దు. తిననివాళ్లను ఏడిపించడమూ అంతే తప్పు. గుడ్డు వేసిన కేకును లేదని చెప్పి పెట్టడం తమాషా కాదు, నమ్మినవాళ్లను మోసం చేయడం.

వచ్చే శనివారం మీ స్నేహితులు భోజనానికి వస్తున్నారట. వెజ్జా, నాన్‌వెజ్జా అని అడిగి ఊరుకోకండి. గుడ్డు తింటారా, పెరుగు, నెయ్యి పడతాయా, శనివారాలు పాటిస్తారా అని ఒక్కొక్కరినీ అడగండి. గురువారంలోగా ఫోన్ చేసి చెబితే, చారులో తెల్లగడ్డ వేయాలో వద్దో మీ అవ్వ చూసుకుంటుంది.

మీ తాత