ఫోన్‌లో కనిపించే సేల్, బ్యాంకులో పడే డబ్బు: కొన్ని అపోహలు

హనుమకొండలో చిన్న వ్యాపారుల జీఎస్టీ, లోన్ ఫైళ్లు చూస్తుంటాను. దసరా దగ్గరపడితే చాలు, అందరిదీ ఒకటే మాట: "ఆన్‌లైన్‌లో సేల్ బాగుంది సార్, లోన్ తీసుకుని స్టాక్ పెంచుతా."

అపోహ: ఫోన్‌లో కనిపించే సేల్ అంతా మన రాబడే.

కానే కాదు. కొంపలు ముంచుతున్నది ఇదే. వెయ్యి రూపాయల జంపఖానా అమ్ముడైందనుకోండి. సైటు వాళ్ల కమిషన్, షిప్పింగ్ కలిపి రెండు వందలు పోతే, ఆ రెండు వందల మీద 18 శాతం జీఎస్టీ మరో 36. మిగిలిన దాంట్లోంచే అమ్మకం మీద జీఎస్టీ కట్టాలి, నూలుకూ కూలికీ ఇవ్వాలి. సరుకు రిటర్న్ వచ్చిందా, సేల్ సున్నా. చాలాసార్లు కొరియర్ ఖర్చు కూడా మన నెత్తినే. మాసి వచ్చిన జంపఖానాను కొత్త రేటుకు ఎవరు కొంటారు?

మొన్న కొత్తవాడ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కొత్త మగ్గాలకు లోన్ కావాలట, ఫోన్‌లో సేల్ చూపించాడు. "తమ్మీ, పేమెంట్ రిపోర్ట్ ఏది?" అంటే ఆ పేజీ ఎప్పుడూ తెరవలేదన్నాడు. ఇద్దరం కూర్చుని డౌన్‌లోడ్ చేశాం. చూపించిన దాంట్లో సగం కూడా ఖాతాలో పడలేదు. పాపం, ముఖం వాడిపోయింది. అతన్ని అని ఏం లాభం? సైటు వాళ్లే పెద్ద అంకెను ముందు పెట్టి, అసలు అంకెను ఎక్కడో లోపల దాస్తారు. మగ్గాల సంగతి పక్కనబెట్టి, నూలుకు సరిపడా మాత్రం లోన్ రాయించాను.

అపోహ: టీసీఎస్, టీడీఎస్ పేరుతో అంతా కోసేస్తున్నారు.

టీసీఎస్ అంటే సైటు వాళ్లు ముందే పట్టుకునే జీఎస్టీ, టీడీఎస్ అంటే అలాగే పట్టుకునే ఆదాయపు పన్ను. 2024లో టీసీఎస్‌ను 0.5 శాతానికి, టీడీఎస్‌ను 0.1 శాతానికి తగ్గించారు. వెయ్యికి ఆరు రూపాయలు. పన్ను రిటర్నులు సరిగా ఫైల్ చేస్తే అవీ మన లెక్కలోకే వస్తాయి. దీనికింత టెన్షన్ దేనికో!

అపోహ: జీఎస్టీ నంబర్ లేనిదే ఆన్‌లైన్‌లో అమ్మలేం.

తెలంగాణలోనే అమ్ముతూ, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే, 2023 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుంటే చాలు. ఈ సైట్ల ద్వారా పక్క రాష్ట్రానికి పంపితే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి.

అపోహ: జీఐ (ఊరి పేరు మీద సరుకుకు ఇచ్చే గుర్తింపు) ఉంది కాబట్టి ఆర్డర్లు వాటంతటవే వస్తాయి.

వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకు, 2018లో జీఐ వచ్చింది. మంచిదే. అది పేరును కాపాడుతుంది, సరుకు అమ్మిపెట్టదు.

అపోహ: విదేశీ కంపెనీలు సొంత సరుకు నష్టానికి అమ్మి మన షాపులు మూయిస్తున్నాయి.

వాట్సాప్‌లో ఇది చదివి చౌరస్తాలో షట్టర్ దించేద్దామనుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. కానీ రూల్ ప్రకారం విదేశీ పెట్టుబడి ఉన్న సైటు వేరేవాళ్లు సరుకు అమ్ముకునే అంగడి నడపొచ్చు, అంతే. సొంత స్టాక్ పెట్టి అమ్మకూడదు. అమలు ఎంత గట్టిగా ఉందన్నది వేరే గొడవ. మీకు పనికొచ్చేది ఇది: ఆఫర్‌లో చేరమని మెసేజ్ వస్తే, డిస్కౌంట్ ఎవరు భరించాలో చదివాకే ఓకే నొక్కండి. చాలాసార్లు అది మీరే.