పొయ్యిలో పుట్టిన రాయి

"అన్నా, పొయ్యిలో రాయి పుట్టింది."

కావలి నుంచి మా బాబాయి కూతురు ఫోన్. ఇంటి వెనక రేకుల వసారాలో కర్రీ పాయింట్ నడుపుకుంటోంది. గ్యాస్ బండ ఖర్చు భరించలేక కిందటేడు పెల్లెట్ పొయ్యి కొన్నది. పది రోజులుగా మంట మందగించింది, గిన్నెల అడుగులు మసి పడుతున్నాయి, పప్పు ఉడకడానికి అరగంట ఎక్కువ పడుతోంది. ఏమైందా అని పొయ్యి బోర్లిస్తే బూడిదలో రాళ్లు పడ్డాయట. "పోసేది పొట్టే గదా, రాయి యాడ నుంచొచ్చింది? మా అత్త దిష్టి అంటోంది" అంది.

దిష్టి సంగతి తర్వాత. ఆదివారం ఒంగోలులో పాసింజరెక్కి కావలి వెళ్లాను.

పెల్లెట్ పొయ్యి చూడనివాళ్ల కోసం ఒక్క మాట. రంపపు పొట్టు, వేరుశనక్కాయ తొక్కల్లాంటి వాటిని మరలో గట్టిగా నొక్కి, 6 నుంచి 8 మిల్లీమీటర్ల లావున పుల్లముక్కల్లా తీస్తారు. మామూలుగా జిగురేమీ కలపరు. ఆ ఒత్తిడికి, వేడికి కట్టెలో ఉండే లిగ్నిన్ అనే పదార్థమే మెత్తబడి పట్టేస్తుంది. ఆ ముక్కలే పెల్లెట్లు. వాటిని ఒక ఉక్కు గిన్నెలో పోసి, చిన్న ఫ్యానుతో గాలి కొట్టి మండించేదే ఈ పొయ్యి. నా వయసువాళ్లకు పొట్టు పొయ్యి గుర్తుండే ఉంటుంది: డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసాను మెల్లిగా తిప్పుతూ పైకి లాగేవాళ్లం. ఆ బిలంలోంచే గాలి. బిలం కూలిందా, ఆ పూట వంట గోవిందా. దాని మనవరాలే ఇది.

అమెరికాలో మా మేనల్లుడింట్లోనూ పెల్లెట్ స్టవ్ ఉంది. అక్కడ అది వంటకు కాదు, చలికి ఇల్లు వెచ్చబెట్టుకోడానికి. నెల్లూరు ఎండల్లో అలాంటిది తలుచుకుంటేనే చెమట్లు పడతాయి. దానికి అద్దం తలుపు, పెల్లెట్లను కొద్దికొద్దిగా తోసే మర, పొగ గొట్టం ఉంటాయి. హంగులు ఎన్నున్నా, వాడు పంపిన ఫొటోలో అడుగున కనిపించింది అదే రాయి.

చెల్లెలు నాలుగు రాళ్లు దాచిపెట్టింది. ఒక్కోటి ఉసిరికాయంత. పైకి బూడిద రంగు, గరుకు. ఒకదాన్ని గడప మీద పెట్టి పొత్రంతో కొట్టాను. విరిగినచోట సీసా పెంకులా మెరిసింది. ఆకుపచ్చ తిరిగిన నలుపు, దాని నిండా ఆవగింజంత బుడగలు, ఒక మూల సగం మునిగిపోయిన పెల్లెట్ ముక్క. కమ్మరి కొలిమిలో ఇనప చిట్టెం చూసినవాళ్లకు ఇది చుట్టమే అనిపిస్తుంది. ఇది రాయి కాదు, గాజు. ఆ పొయ్యిలో మా చెల్లెలు తనకు తెలియకుండానే గాజు కాస్తోంది.

గాజుకు ఇసుక కావాలి. మొక్కలో ఇసుకెక్కడిది? ఉంటుంది. వేళ్లు నీళ్లతోపాటు కరిగిన సిలికాను, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్నే, తాగుతాయి. నీరు ఆవిరైపోతుంది, సిలికా ఆకులో, కాండంలో, పొట్టులో మిగిలిపోతుంది. వరి ఆకు వేలికి గీసుకుంటే రక్తం వచ్చేది దానివల్లే. వరి ఊకను కాలిస్తే బరువులో 15 నుంచి 20 శాతం దాకా బూడిదే మిగులుతుంది, ఆ బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు నుంచి గాజు ఫ్యాక్టరీలకు లారీల్లో వెళ్లే తెల్ల ఇసుకా సిలికాయే.

ఇక్కడే అసలు చిక్కు. శుద్ధమైన సిలికా కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ కావాలి. పొయ్యి నిప్పుల్లో వేడి వెయ్యికి అటూ ఇటూ. మరి కరిగిందెలా?

సిలికాను ఒక వల అనుకోండి. తుమ్మలపెంట రేవులో ఇసుక మీద ఆరేసిన వల. ప్రతి ముడి ఒక సిలికాన్ పరమాణువు. ఒక్కో ముడి నుంచి నాలుగు తాళ్లు, ఆ తాళ్లు ఆక్సిజన్. ప్రతి తాడూ రెండు ముళ్లను కట్టి పట్టుకుంటుంది. పైగా ఇది పరిచిన వల కాదు, అన్ని వైపులా అల్లుకున్నది. దీన్ని కరిగించడమంటే ముళ్లు ఒకదాన్నొకటి దాటుకుంటూ జారేలా చెయ్యడం. తాళ్లన్నీ బిగువుగా ఉన్నంతకాలం అది 1,700 డిగ్రీల పని.

ఇప్పుడు ఆ వలలోకి బూడిదలోని పొటాషియం దూరింది. పొటాషియం ఆక్సైడు ఒక అణువు వచ్చి చేరితే ఒక తాడు పుటుక్కుమంటుంది. రెండు ముళ్లను కలిపిన ఒక ఆక్సిజన్ స్థానంలో ఇప్పుడు రెండు ఆక్సిజన్లు, చెరో ముడికి వేలాడుతూ, చెరో పొటాషియం అయానును, అంటే ఆవేశమున్న పరమాణువును, పక్కన పెట్టుకుని. వంతెన తెగింది. ఇంకో అణువు, ఇంకో తాడు. నాలుగు పక్కలా పట్టున్న ముడికి మూడే మిగిలితే వల సాగుతుంది, రెండే మిగిలితే జారుతుంది. సరైన పాళ్లలో కలిస్తే 800 డిగ్రీలైనా రాకముందే సిలికా పాకమవుతుంది. చల్లారేటప్పుడు ఆ తెగిన వల మళ్లీ వరసగా అల్లుకునే తీరిక ఉండదు. చిక్కుపడ్డది చిక్కుపడ్డట్టే బిగుసుకుంటుంది. చిక్కుపడి బిగుసుకున్న వల పేరే గాజు. సున్నం, అంటే కాల్షియం, ఎక్కువుంటే కథ మారుతుంది: దాని అయాను రెండు తెగిన కొసల్ని ఒకేసారి పట్టుకోగలదు, పాకం అంత సులువుగా కాదు. కయోలిన్ మట్టి ఇంకో రకం, పొటాషియాన్నే పట్టి తనలో కట్టేసుకుంటుంది. అందుకే కొన్నిచోట్ల పెల్లెట్లలో దాన్ని కొద్దిగా కలుపుతారు.

ఇదేదో కొత్త రసాయనం అనుకోకండి. కంసాలి అతుకు పెట్టే ముందు వెలిగారం చల్లేది, దాంతో లోహం మీది ఆక్సైడు పొర కరిగిపోతుందనే. రేడియో మెకానిక్కు వాడే సోల్డరు చూడండి. తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది, సీసం 327కి. రెండూ సరైన పాళ్లలో కలిపితే 183కే కారిపోతుంది, ఇద్దరిలో ఏ ఒక్కరికన్నా తక్కువలో! ఇరవై ఏళ్లు బడిలో ద్రవీభవన స్థానాల పట్టిక బట్టీ పట్టించాను. "మలినాలు ద్రవీభవన స్థానాన్ని తగ్గిస్తాయి" అన్న వాక్యం పుస్తకంలో ఒక మూలన ఉండేది, రెండు మార్కుల ప్రశ్న. దాని వెనక ఇంత ఉందని ఒక్క పిల్లవాడికైనా చూపించలేకపోయాను. ఒక సోల్డరింగ్ కడ్డీ తీసుకెళ్లుంటే సరిపోయేది.

ఇక పొటాష్. రైతు బస్తాల్లో కొనే ఆ మాట ఇంగ్లిషులో కుండ, బూడిద అనే రెండు మాటల కలయిక. కట్టె బూడిదను నీళ్లలో నానేసి, ఆ తేటను కుండల్లో ఇగిర్చి తీసేవాళ్లు కాబట్టి ఆ పేరు. 1807లో హంఫ్రీ డేవీ ఆ పొటాష్‌లోకి కరెంటు పంపి కొత్త లోహం తీశాడు, పొటాషియం అని పేరు పెట్టాడు. మీ పొయ్యి బూడిదలో పొటాష్ తాలూకు క్షారం ఉందో లేదో తెలియాలంటే ల్యాబు అక్కర్లేదు. చెంచాడు బూడిద నీళ్లలో కలిపి తేర్చి, ఆ తేటలో చిటికెడు పసుపు వెయ్యండి. సున్నం వేసిన పారాణిలా ఎర్రబడుతుంది. అందుకే తడి బూడిదను వట్టి చేతుల్తో తీయకూడదు, చర్మాన్ని తినేస్తుంది. ఉక్కు గిన్నెలో తడి బూడిద వదిలేస్తే దాన్నీ తింటుంది.

అయితే వరి ఊకలో సిలికా అంతుంటే అది ఇంకా పెద్ద రాయి కట్టాలి కదా? కట్టదు. ఊకలో పొటాష్ తక్కువ, వల కోసేవాడు లేడు. కాబట్టి ఊక బూడిద బోలెడు మిగిలినా పొడిపొడిగానే రాలుతుంది. సిలికా, పొటాష్ రెండూ ఒకే సంచిలో కలిసినప్పుడే ప్రమాదం. "పెల్లెట్లేమైనా మార్చావా అమ్మాయ్?" అని అడిగాను. మార్చింది. మొదట్లో సరుగుడు పొట్టువి కొనేది. ఈ మధ్య కిలోకి మూడు రూపాయలు తక్కువని వేరే దుకాణంలో తెచ్చింది. సంచి అడుగు దులిపితే ఇసుక, శనక్కాయ తొక్క పీచు, ఇంకా ఏదో నల్లటి పుల్ల. మిల్లులో ఏం కలిపారో నేను చెప్పలేను గానీ, మా ప్రకాశం పక్క పొగాకు కట్టె పొయ్యిలో పెట్టినవాళ్లకు దాని బూడిద సంగతి తెలుసు. పొగాకు పొటాష్ తిండిపోతు. ఆకు బాగా కాలాలంటే ఆకులో పొటాష్ ఉండాలి, క్లోరిన్ తక్కువుండాలి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉన్న రైతునడిగినా ఇదే చెబుతాడు.

లెక్క చూడండి. ఆమె రోజుకు 10 కిలోలు కాలుస్తుంది. మంచి కట్టె పెల్లెట్లలో బూడిద ఒక శాతం లోపే, అంటే రోజుకు 100 గ్రాములు, గుప్పెడు. చెత్త కలిసినవి 8 శాతం మిగిలిస్తే 800 గ్రాములు. అదే పొయ్యి, అదే గిన్నె.

రాయి కట్టడం తప్పు కాదు, ఎక్కడ కడుతుందన్నదే తప్పు. గిన్నె అడుగున బెజ్జాలుంటాయి, వాటిలోంచే ఫ్యాను గాలి నిప్పుల్లోకి వస్తుంది. పై అంచున ఇంకో వరస బెజ్జాలు. కట్టె బరువులో ముప్పాతిక వంతుకు పైగా వేడికి ఆవిర్లుగా లేచిపోతుంది, ఆ ఆవిర్లను కాల్చేది పై వరస గాలి. కిలో పెల్లెట్లు పూర్తిగా కాలడానికి కనీసం 6 కిలోల గాలి కావాలి. తూకంలో చెబితే నమ్మకం కలగదు: సుమారు 5,000 లీటర్లు, వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు ఐదు. అదంతా ఆ చిన్న బెజ్జాల్లోంచే దూరాలి. 4 మిల్లీమీటర్ల బెజ్జం పూడి 2 అయితే దారి సగం కాదు, పావు వంతే మిగులుతుంది. సైకిల్ పుల్ల పట్టుకుని చెల్లెలి పొయ్యి బెజ్జాలు లెక్కపెట్టాను. అడుగున 48లో 19 పూర్తిగా మూసుకుపోయాయి.

గాలి చాలని నిప్పు ఆరిపోదు, అదే దాని మోసం. కునుకుతూ కాలుతుంది, కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, మగత. మనవాళ్లు పైత్యం అనుకుని నిమ్మకాయ నీళ్లు తాగి అక్కడే పడుకుంటారు. మామూలు రోజుల్లో ఆ వసారాకు మూడు పక్కలా గాలే. కానీ కార్తీకంలో తుపాను పడితే జల్లు కొట్టకుండా చుట్టూ పట్టాలు కడతారు. అప్పుడు అది వసారా కాదు, పెట్టె. "రెండు ఎదురెదురు పక్కల పట్టా ఎత్తిపెట్టు, తడిస్తే తడవనీ" అన్నాను. పెల్లెట్ల సంచిని కూడా నేల మీద నుంచి తీయించి బల్ల ఎక్కించాను. చెమ్మ తగిలితే అవి ఉబ్బి మళ్లీ పొట్టైపోతాయి.

శుభ్రం చెయ్యడం ఇంతా చేస్తే పది నిమిషాల పని, కాకపోతే తెల్లవారి చెయ్యాలి. రాత్రంతా చల్లారిన పొయ్యికి ముందు ఫ్యాను వైరు తీసెయ్యాలి. గిన్నె బయటికి తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, బూడిద కింద పడేసి, ప్రతి బెజ్జంలో సైకిల్ పుల్ల దూర్చి తిప్పాలి. గాజు అంటుకుపోతే పాత స్క్రూడ్రైవరుతో అంచు నుంచి లేపాలి, సుత్తి వద్దు. ఫ్యాను రెక్కలకు పొడి బ్రష్షు. వేడి పొయ్యి మీద నీళ్లు కొట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు, లోపలి పోత పగులుతుంది, బూడిద ఆవిరి మొహాన కొడుతుంది. మా మేనల్లుడు ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్‌తో బూడిద లాగబోయాడు. ఆపాను. ఒక్క నిప్పు కణిక మిగిలున్నా ఆ సంచిలో ధారాళంగా గాలి తగిలి అంటుకుంటుంది. వాడి పొయ్యికి పొగ గొట్టం దులపడం, తలుపు చుట్టూ ఉండే తాడు సీలు చూసుకోవడం అదనపు పనులు. అద్దానికి మాత్రం తడి కాగితం మెత్తటి బూడిదలో అద్ది రుద్దితే చాలు, మన అంట్ల విద్యే.

దీపాలు పెట్టాక పొయ్యిలో బూడిద తీసి బయట పోస్తే లక్ష్మి వెళ్లిపోతుందని మా నాయనమ్మ అనేది. ప్రతి మూఢనమ్మకం కిందా సైన్సు దాగుందని చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కానీ పూరిళ్లున్న ఊళ్లో, పడమటి గాలి కొట్టే వేసవి రాత్రి, పెంటదిబ్బ మీద పోసిన బూడిద ఏం చెయ్యగలదో ఆ ఊరికి తెలుసు. బూడిద మంచి దుప్పటి, దాని అడుగున నిప్పు మర్నాటి దాకా బతికుంటుంది. లక్ష్మిని పక్కనబెట్టి చెల్లెలికి మూతున్న రేకు డబ్బా కొనిచ్చాను. రెండు రోజులు సిమెంటు గచ్చు మీద ఉంచి అప్పుడు పారబోయమన్నాను. ప్లాస్టిక్ బకెట్టు, గోనెసంచి వద్దు.

పాత సరుగుడు పెల్లెట్లే తెప్పించుకుంది. మిగిలిన చౌక సంచిని కొద్దికొద్దిగా, ప్రతి పూటకీ గిన్నె దులుపుతూ కాల్చేస్తోంది. మొన్న ఫోన్ చేసి మంట నీలం తిరిగిందని, పప్పు గంట లోపలే ఉడికిందని చెప్పింది. మిగతా మూడు రాళ్లు పంపమ్మా, బడి పిల్లలకు చూపిస్తానన్నాను. రెండే ఉన్నాయంది. మూడోదాన్ని వాళ్లత్త నల్లతాడుకు చుట్టి, నిమ్మకాయ పక్కన గుమ్మానికి కట్టిందట.