పిడి ఊడింది, కామ విరిగింది: మా షెడ్డు దగ్గర రోజూ వినే అపోహలు

సింగరాయకొండలో మా షెడ్డు ముందు బండి ఆపేవాళ్ళు ఎక్కువగా మూడు రకాలు. టంగుటూరు, కొండపి వైపు నుంచి గొడ్డళ్ళు, పారలు తెచ్చే రైతులు. సముద్రం ఒడ్డునున్న పాకల ఊరి నుంచి చేపల కత్తులు తెచ్చేవాళ్ళు. చీమకుర్తి రాళ్ళ క్వారీల నుంచి సుత్తులు, సమ్మెటలు మోసుకొచ్చేవాళ్ళు. ఇనుము సంగతి కమ్మరి చూసుకుంటాడు. కొలిమి దాటి వచ్చిన ఇనుముకి చెయ్యి పట్టే చోటు చేసిపెట్టడం నా పని. కత్తికైతే పిడి, గొడ్డలికీ పారకీ అయితే కామ. పేరేదైనా, పాడయ్యే కారణాలు నాలుగైదే. వాటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలు మాత్రం బోలెడు.

అపోహ: కామ వదులైతే రాత్రంతా నీళ్ళలో పడేస్తే బిగుస్తుంది.

దీన్నుంచే మొదలుపెట్టాలి. నా దగ్గరికొచ్చే గొడ్డళ్ళలో సగం ఈ వైద్యం చేయించుకుని వచ్చినవే.

పోయిన ఎండాకాలం ఒక పెద్దాయన గొడ్డలి పట్టుకొచ్చాడు. అంతకుముందు రెండుసార్లు వచ్చినాయనే.

"ఏం పెద్దాయనా, మళ్ళీ ఊడిందా?"

"ఊడక ఏం చేస్తాది అబ్బాయా. పొద్దున తొట్లోంచి తీస్తే రాయి మాదిరి ఉంటాది. మధ్యాన్నానికి తల ఊగతా ఉంటాది. ఇంకో రోజు నాననిచ్చుంటే సరిపొయ్యేదేమో."

కామ బయటికి లాగి ఆయన చేతిలోనే పెట్టాను. గొడ్డలి బెజ్జంలో ఉండే భాగం నున్నగా, నొక్కుకుపోయి, అంచుల్లో చెరకు పిప్పిలా పీచు లేచి ఉంది. బెజ్జం కింద మందం ఎంత, లోపలున్న చోట ఎంత అని కొలిచి చూపించాను. రెండు మిల్లీమీటర్లు తేడా. ఆ కామ చెక్కింది నేనే. నేను చెక్కినప్పుడు ఆ తేడా లేదు.

జరిగింది ఇదీ. కర్ర నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఆ మాట నిజమే. కానీ చుట్టూ ఉన్న ఇనుము వెంట్రుకవాసి కూడా జరగదు. బయటికి ఉబ్బడానికి చోటులేక కర్ర తన కణాలను తానే నలుపుకుంటుంది. అందుకే తొట్లోంచి తీసిన పూట గట్టిగా ఉంటుంది. ఎండకి ఆరాక నలిగిన కణాలు మళ్ళీ లేవవు, కామ మొదటికంటే సన్నబడుతుంది. రెండోసారి నానబెడితే ఇంకాస్త సన్నబడుతుంది. నయమవుతున్నట్టు కనబడుతూనే రోగం ముదురుతుందన్నమాట.

మన ప్రాంతంలో ఇది మరీ ఎక్కువ. కర్రలో తేమ బయటి గాలిని బట్టి మారుతుంటుంది. కార్తీకం ముసురులో గాలి తేమ 80 శాతం దగ్గర నిలబడితే కర్రలో తేమ దాని బరువులో 15 శాతం దాకా చేరుతుంది. మే నెలలో పడమటి గాలి కొట్టి గాలి తేమ 30 శాతానికి పడిపోతే కర్ర 6 శాతానికి ఎండుతుంది. పొడవులో కర్ర దాదాపు మారదు. అడ్డంలోనే ఉబ్బుతుంది, అడ్డంలోనే కుంచించుకుంటుంది. ఆ అడ్డంలో కూడా, కోసిన కొనలో గుండ్రంగా కనబడే వలయాల వెంబడి కదలిక, వాటికి అడ్డంగా ఉండే కదలికకి ఇంచుమించు రెట్టింపు. ముసురులో బిగించిన కామ ఎండల్లో వదులవడానికి ఎవరి దిష్టీ తగలనక్కర్లేదు.

సరైన పద్ధతి చెబుతాను. కామ బాగా ఎండినదై ఉండాలి. పైకొనలో బెజ్జం లోతులో మూడింట రెండు వంతులు రంపంతో కోత పెట్టి, తల తొడిగి, ఆ కోతలో ఎండిన చేవకర్ర చీల కొట్టాలి. తల పైన కామ పావంగుళం పొడుచుకుని ఉండాలి. చీల దిగాక ఆ భాగం విచ్చుకుని తలను పట్టుకుంటుంది. చివరగా తెగిన నార కనబడే ఆ కొనకి నూనె పట్టించాలి, తేమ ఎక్కువగా పీల్చేది అక్కడి నుంచే. తల తొడిగేటప్పుడు దాన్ని నేలకేసి బాదకండి. గొడ్డలిని తల కిందికి వచ్చేలా గాల్లో వేలాడదీసి, కామ అడుగు భాగం మీద సుత్తితో కొట్టండి. బరువైన తల ఉన్నచోటే ఉంటుంది, కామ దానిలోకి దిగుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు తల ఊడి కాలి మీద పడుతుందని వెనక్కి గెంతుతారు.

గుద్దలికి మాత్రం ఈ బాధ లేదు. దాని కామ పైనుంచి దూరుతుంది, పైభాగం లావుగా ఉంటుంది. విసిరేకొద్దీ తల తనంతట తానే బిగుస్తుంది. ఎవరు కనిపెట్టారో గానీ, చీల అవసరం లేకుండా చేసిపెట్టారు.

అపోహ: టేకు పెడితే ఇక తిరుగులేదు.

తలుపుకైతే తిరుగులేదు. గొడ్డలికి పనికిరాదు. టేకు తేమకి పెద్దగా కదలదు, చెదలు తొందరగా ముట్టవు, చెక్కడం హాయి. కూరగాయల కత్తి పిడికి, సుత్తి దెబ్బ పడని ఉలి పిడికి నేనూ అదే పెడతాను. దెబ్బను ఓర్చుకునే గుణం మాత్రం దానికి తక్కువ. అడ్డంగా ఒక గట్టి దెబ్బ తగిలితే టక్కున తెగుతుంది. పైగా టేకులో ఉండే నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు ఆ ముఖాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే అతికించాలి. అప్పుడైనా నూరింటికి నూరు పాళ్ళు నమ్మను.

గొడ్డలికి మన పెద్దలు వాడింది నల్లతుమ్మ, తిరుమాను. బండిచక్రాలు, ఇరుసులు చేసిన కర్రలవి. బండి కుదుపు తట్టుకున్న కర్రకి గొడ్డలి దెబ్బ ఒక లెక్కా? తిరుమాను ఇప్పుడు కావాలన్నప్పుడు దొరకదు. తుమ్మ దొరుకుతుంది. ఇంకో మాట చెబితే నవ్వుతారు గానీ, మన గట్ల మీద, చెరువుల్లో పడి ఉండే చిల్లచెట్టు ఉంది చూశారూ, సర్కారు తుమ్మ, దాని చేవ చాలా మంచిది. 1870ల్లో కడప వైపు తెచ్చి నాటిన చెట్టు. పొలాన్ని తినేసిందని అందరూ తిడతారు, నేనూ తిడతాను. అయినా దాని ఎర్రటి చేవ ఎండాక కదిలేది బహు తక్కువ. తిన్నగా మూడడుగుల ముక్క దొరకదు కాబట్టి కామలకి కుదరదు, కత్తి పిడులకి సరిగ్గా సరిపోతుంది. పైనున్న లేత తెల్లచెక్క మాత్రం పూర్తిగా తీసెయ్యాలి. లేకపోతే ఆరు నెలల్లో పుచ్చు పట్టి పిండి రాలుతుంది.

నెల్లూరు జిల్లా ఉదయగిరి కర్ర చెంచాలకి భౌగోళిక గుర్తింపు ఉంది, మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళ పనితనం చూసి "అదే కర్రతో నా కత్తికీ పిడి పెట్టు" అనేవాళ్ళు ఉన్నారు. చెంచాకి కావలసింది సన్నటి నార, నునుపు. దెబ్బ తినే పనిముట్టు సంగతి వేరు. ఇంకొందరు గొంతు తగ్గించి ఎర్రచందనం ముక్క ఉందంటారు. వద్దు నాయనా. అనుమతి కాగితం లేకుండా ఆ ముక్క ఇంట్లో ఉన్నా కేసే. జింక కొమ్ము పిడి అడిగేవాళ్ళకీ ఇదే జవాబు, అడవిలో దానంతట అది రాలిన కొమ్మైనా సరే. గేదె కొమ్ము తెండి, చేసిపెడతాను.

కర్ర పేరు కంటే నార ముఖ్యం. రంపంతో కోసిన పట్టీలో నార ఎటు వాలిందో రంపానికి పట్టదు. గొడ్డలితో చీల్చిన పేడు నార వెంబడే విచ్చుకుంటుంది. అందుకని కామకి నేను చీల్చిన పేడే తీసుకుంటాను. దాని రెండు చివర్లకీ పేడ పూసి నీడన పెడతాను. పేడుకి పేడ ఏందని మా మనవరాలు నవ్వుతుంది. కొనల నుంచి తేమ పక్కల కంటే ఎన్నో రెట్లు తొందరగా పోతుంది, అందుకే అక్కడ నెర్రెలిస్తుంది. పేడ గానీ, పాత రంగు గానీ, మైనం గానీ పూస్తే నెమ్మదిగా ఆరుతుంది. అంగుళంన్నర మందానికి నేను కనీసం ఆరు నెలలు ఇస్తాను. తొందరపడేవాళ్ళకి ఒక కొలత: వారానికోసారి కాటా వెయ్యండి, బరువు తగ్గడం ఆగేదాకా చెక్కొద్దు.

అపోహ: లావుగా ఉంటే గట్టిగా ఉంటుంది.

రాళ్ళు కొట్టేవాళ్ళ సమ్మెట చూడండి. అంత బరువు తలకి సన్నటి వెదురు కామ, విసిరితే విల్లులా వంగుతుంది. ఆ వంపే అదురును మింగేస్తుంది. అదే తలకి లావాటి తుమ్మదుంగ తొడిగితే విరగదు సరే, సాయంత్రానికి విరిగేది మణికట్టు. గొడ్డలి కామకి కూడా తల కింద, చివర పట్టుకునే చోట నిండుగా ఉంచి, నడుము దగ్గర సన్నం చేయాలి.

తరిమెన పట్టిన గుండ్రటి పిడి చూడ్డానికి బాగుంటుంది, చేతిలో తిరుగుతుంది. కోడిగుడ్డు వాటంగా ఉంటే చీకట్లో పట్టుకున్నా వాదర ఎటుందో అరచేతికి తెలుస్తుంది.

అపోహ: రెండు చెక్కల మధ్య ఇనుము పిడి చివరిదాకా ఉన్న కత్తే కత్తి, మిగతావి నాసిరకం.

ఇది ఫోన్లో వీడియోలు చూసే కుర్రాళ్ళ మాట. "అంకుల్, ఫుల్ టాంగ్ కావాలి" అంటారు. టాంగ్ అంటే మేం తోక అంటాం, పిడిలోకి దూరే ఇనుము. మా అమ్మ కొడవలికి తోక నాలుగంగుళాలు కూడా లేదు. పిడిలోకి కాల్చి దించి, మూతికి ఇత్తడి పొన్ను, అంటే ఉంగరం, తొడిగింది. ఆమె పోయింది, కొడవలి ఇంకా ఉంది. జపాన్ వంటకత్తుల్లో చాలావాటికి కూడా తోకను ఇలాగే పిడిలోపలికి దించుతారు.

తోక దించిన పిడి పగిలేది మూతి దగ్గర. తోక చీలలా పనిచేసి కర్రను విప్పాలని చూస్తుంది. పొన్ను ఉన్నది దాన్ని ఆపడానికే, అందానికి కాదు. రోకలికి పొన్ను ఎందుకు వేస్తామో ఇదీ అందుకే. ఉలి నెత్తి మీద సుత్తి పడుతుంది కాబట్టి దానికి పైన ఇంకో ఉంగరం కూడా కావాలి.

కాల్చి దించడంలో రెండు తప్పులు జరుగుతాయి, రెండూ నేను చేసినవే. మొదటిది, ఎర్రగా కాల్చి ఒక్కసారే పూర్తిగా దించడం. అలా చేస్తే తోక చుట్టూ బొగ్గు పొర మిగులుతుంది, అది రెండు నెలల్లో పొడైపోతుంది, పిడి గలగలమంటుంది. ముందు తోకకంటే సన్నంగా బెజ్జం వేసి, కాల్చిన తోకతో ముప్పావు వంతు దారి చేసి, బొగ్గు దులిపి, చల్లారాక మిగతాది కొట్టి దించాలి. రెండో తప్పు ఖరీదైనది. కొత్తలో ఒకాయన లారీ కమాను పట్టీతో చేయించిన మంచి కత్తి ఇచ్చాడు. తోక కాలుస్తూ ఎవరితోనో మాటల్లో పడ్డాను. చూస్తుండగానే గడ్డి రంగు వాదర వైపు పాకింది, తర్వాత ఊదా, ఆ వెనకే నీలం. గడ్డి రంగంటే 230 డిగ్రీలు, నీలమంటే 300. వాదర పదును నిలిపే గట్టిదనం అక్కడితో సరి. ఆయన డబ్బులు వెనక్కిచ్చి, కమ్మరితో ఆ గట్టిదనం మళ్ళీ తెప్పించే కూలీ నేనే కట్టాను. అప్పట్నుంచి తోక కాల్చేటప్పుడు అలుగుకి, అంటే కోసే రేకుకి, తడిగుడ్డ చుట్టకుండా కొలిమి దగ్గరికి పోను.

అపోహ: అరాల్డైట్ ఉంది కదా, ఇంకేం కావాలి.

జిగురు మంచిదే, మనం వాడే తీరులోనే చిక్కు. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం తడికీ వేడికీ తొందరగా లొంగుతుంది. రాత్రంతా ఆరే రకం తీసుకోండి. ఇనుమును అద్దంలా నున్నగా రుద్ది అతికిస్తే పట్టదు, ఉప్పుకాగితంతో గరుకు చేయాలి. క్లాంపు బలంకొద్దీ బిగిస్తే జిగురంతా బయటికి కారిపోయి లోపల ఏమీ మిగలదు. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద కత్తి వదిలేస్తే అతుకు మెత్తబడుతుంది, అరవై డిగ్రీల వేడి ఈ జిగుళ్ళకి ఎక్కువే. అందుకే రివెట్లు కూడా వేస్తాం. అవీ రెండో మూడో చాలు. బెజ్జం పెరిగేకొద్దీ కర్ర తరుగుతుంది. గట్టిగా బాదితే ఆ రోజు కనబడని నెర్రె మే నెలలో కనబడుతుంది.

చేపలు కోసేవాళ్ళ విషయంలో నేను ఓడిపోయాను, ఒప్పుకుంటాను. చెక్కకీ ఇనుముకీ మధ్య సన్నటి సందు ఉన్నా ఉప్పునీళ్ళు దూరతాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపల్నుంచి చెక్కను తోసి పగలగొడుతుంది. వాసన సరేసరి. రోజంతా తడిలో ఉండే కత్తికి ప్లాస్టిక్ పిడే మేలని ఇప్పుడు నేనే చెప్పి పంపుతున్నాను.

అపోహ: వార్నిష్ కొడితే తళతళా మెరుస్తూ పదేళ్ళుంటుంది.

మెరుస్తుంది, చెమట పట్టిన చేతిలో జారుతుంది, నున్నటి పొరకి చర్మం అతుక్కుని బొబ్బలు లేస్తాయి. కామలకి వార్నిష్ వద్దు. వేరుశనగ నూనె, కొబ్బరి నూనె, ఆముదం ఎన్నిసార్లు పూసినా ఆరవు, జిడ్డుగా ఉండి దుమ్ము పడతాయి. అవిసె నూనె ఆరుతుంది. పలచగా పూయడం, పావుగంటాగి తుడవడం, రోజు విడిచి రోజు, నాలుగైదు సార్లు. తర్వాత ఏడాదికి ఒకసారి చాలు.

ఒక్క జాగ్రత్త. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. గుడ్డను విప్పి బయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పారేయండి. పిడి రుద్దేటప్పుడు మూతికి మాస్కు కట్టుకోండి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. మా తరంవాళ్ళు తువ్వాలు కూడా అడ్డం పెట్టుకోలేదు.

విరిగిన కామను పొయ్యిలో పెట్టేసి ఒట్టి తల తెస్తారు చాలామంది. అలా చేయకండి, ముక్కలు కూడా తెండి. ఏటవాలుగా చీలి ఉంటే నార వంకర, అంటే తప్పు చెక్కినవాడిది. కత్తితో కోసినట్టు అడ్డంగా టక్కున తెగి ఉంటే కర్ర లోపల కుళ్ళు మొదలైంది. తల కింద ఒకవైపే నలిగి ఉంటే దెబ్బ గురితప్పి కామే దుంగకి తగులుతోంది, అప్పుడు అరంగుళం పొడవు తగ్గించి చెక్కుతాను. పైగా పదేళ్ళు మీ చెయ్యి రాసి రాసి అరగదీసిన కొలత ఆ ముక్క మీదే ఉంటుంది, నా టేపులో ఉండదు.