వారానికి ఒక్కసారి వచ్చిన పాట

1980లలో తెలుగు ఊళ్లలో పిల్లలుగా ఉన్న నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి, ఆనాటి టీవీ సీరియల్ ఏదైనా ఒకదాని కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పమనండి. సగంలోనే తడబడతారు. పాత్రల పేర్లు కలగాపులగం అవుతాయి, ముగింపు ఎవరికీ సరిగా గుర్తుండదు. అదే సీరియల్‌కు ముందు వచ్చే పాట అందుకోమంటే మాత్రం నలుగురూ ఒకేసారి మొదలుపెడతారు. దూరదర్శన్ చిహ్నం గిరగిర తిరుగుతూ వచ్చి తెర మధ్యలో నిలిచేటప్పుడు వినిపించే రాగమైతే అడగనే అక్కరలేదు. కథ చెరిగిపోయింది, పాట మిగిలింది. ఎందుకు?

‘ఆ రోజులే వేరు’ అన్న మాటతో చాలామంది ఈ ప్రశ్నను దాటేస్తారు. కానీ దీనికి జ్ఞాపకశక్తి మీద దాదాపు నూట నలభై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనలో చక్కని సమాధానాలున్నాయి. వాటిని చదివినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఇది: ఆ కార్యక్రమాలు మన మనసులో నాటుకుపోవడానికి ముఖ్య కారణం వాటి గొప్పతనం కాదు, వాటి సమయపట్టిక.

ఆ పట్టిక ఎలా ఉండేదో నేటి పిల్లలకు ఊహించుకోవడం కష్టం. మన దేశంలో టీవీ ప్రయోగాత్మక ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడివడి సొంత సంస్థ అయింది. ఇప్పటికీ మన చెవుల్లో ఉన్న సంకేత సంగీతం పుట్టింది అప్పుడే. పండిత్ రవిశంకర్ దాన్ని ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌తో కలిసి కూర్చారు. 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చింది. 1982లో ఆసియా క్రీడల ఏడాది రంగులూ, జాతీయ కార్యక్రమమూ వచ్చాయి. 1983లో తెలుగు వార్తలు మొదలయ్యాయి. వాటిని చదివిన శాంతిస్వరూప్ గొంతు ఆ తరం ఇంటి గొంతుల్లో ఒకటైపోయింది.

ఇంత పెద్ద ప్రేక్షకలోకానికి ఛానల్ ఒక్కటే. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి, మరో రోజు హిందీ పాటల చిత్రహార్, వారానికొక తెలుగు సినిమా. 1987 జనవరి 25 నుంచి ఆదివారం ఉదయాలు రామాయణానివి అయ్యాయి. హిందీ ముక్క రానివాళ్లు కూడా రెప్ప వేయకుండా చూశారు. కథ అందరికీ తెలిసిందే కాబట్టి భాష అడ్డు కాలేదు. ఆ సమయానికి కరెంటు పోతే ఆ వారం భాగం ఇక పోయినట్టే. ఎక్కువ ఇళ్లలో రికార్డు చేసుకునే సాధనం లేదు, మళ్లీ చూపించేవాళ్లు లేరు. ఏడు రోజులు ఆగాలి.

ఆ ఏడు రోజుల ఎడమే అసలు సంగతి. జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన పరిశోధనకు ఆయనే పరిశోధకుడు, ఆయనే ప్రయోగ వస్తువు. అర్థంలేని అక్షరాల వరసలను కంఠస్థం చేస్తూ, ఎన్నిసార్లు చదివితే ఎంత నిలుస్తుందో ఏళ్ల తరబడి లెక్కకట్టాడు. ఒక వరసను ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే మర్నాటికి ఎంత నిలిచిందో, మూడు రోజుల మీద సర్ది 38 సార్లు వల్లెవేసినా దాదాపు అంతే నిలిచింది. శ్రమ సగానికి కాస్త ఎక్కువ, ఫలితం సమానం. విరామం తరువాత మళ్లీ ఎదురైన విషయాన్ని మెదడు కొంత శ్రమపడి వెతికి తీయాలి, ఆ శ్రమే దాన్ని గట్టిపరుస్తుంది. మధ్యలోని నిద్ర కూడా తన వంతు పని చేస్తుంది. ఆ తరువాత వందల పరిశోధనలు ఈ సూత్రాన్ని నిలబెట్టాయి.

టీవీ విషయంలోనే దీన్ని నేరుగా పరీక్షించినవాళ్లున్నారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి ఒక సీరియల్‌ను వారానికొక భాగం చొప్పున, కొందరికి రోజుకొకటి చొప్పున, ఇంకొందరికి మొత్తం ఒక్క బిగిన చూపించారు. మర్నాడు అడిగితే ఒక్క బిగిన చూసినవాళ్లకే అందరికన్నా బాగా గుర్తుంది. 140 రోజుల తరువాత అడిగేసరికి తారుమారైంది: అందరికన్నా వేగంగా మరచిపోయింది వాళ్లే. వారానికొకటి చూసినవాళ్ల జ్ఞాపకం నిలకడగా ఉంది. ఒక్క బిగిన చూసినవాళ్లు సీరియల్‌ను తక్కువగా ఆస్వాదించినట్టు కూడా చెప్పారు. పాల్గొన్నవాళ్లు యాభై మంది దాకానే కాబట్టి ఇది చిన్న అధ్యయనం. అయినా ఎబ్బింగ్‌హౌస్ చెప్పిన దిశలోనే ఉంది.

ఆ వారం రోజులూ ఖాళీగా గడిచేవి కావు. సోమవారం బడిలో చర్చ అంతా ఆదివారం చూసినదాని గురించే. టీవీ లేని ఇంటి పిల్లవాడికి ఉన్న ఇంటి పిల్లవాడు కథంతా అభినయించి చెప్పేవాడు. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో విద్యార్థులకు పాఠ్యభాగాలిచ్చి కొందరిని రెండోసారి చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. వారం తరువాత, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. బడి గోడ పక్కన ఆ పిల్లవాడు తెలియకుండానే చేసింది రెండో పనే.

అలాగైతే కథే ఎక్కువ గుర్తుండాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కథలో ప్రతి వారం కొత్త భాగం వస్తుంది, ఒక్కో ఘట్టం ఒక్కసారే కళ్లబడుతుంది. దాన్ని ఒకటి రెండు సార్లు చెప్పుకుంటారు, వచ్చే వారం ఘట్టం దాని మీద పడుతుంది. మారకుండా వచ్చేది పాట ఒక్కటే. ఏడాదిన్నర నడిచిన రామాయణంలో 78 భాగాలంటే, అదే రాగం, అవే గొంతులు ఏడేసి రోజుల ఎడంతో 78 సార్లు. జ్ఞాపకశక్తికి ఇంతకన్నా మంచి సాధన ఎవరూ కోరి ఏర్పాటు చేయలేరు. చెవికి ఎంత పట్టు ఉందో చూడండి: 1999లో కెనడా పరిశోధకులు పేరున్న పాటల ముక్కలను సెకనులో పదో వంతు మాత్రమే వినిపించినా, ఇచ్చిన జాబితాలోంచి అది ఏ పాటో శ్రోతలు గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికన్నా బాగా పోల్చగలిగారు. అంత తక్కువ సమయంలో రాగం సాగదు, మాట పూర్తికాదు. ఆ క్షణంలో అందేది వాద్యాల నాదగుణమే, అంటే ఒక్కో వాద్యానికి ఉండే ప్రత్యేకమైన ధ్వని.

పాట వచ్చే వేళ కూడా ముఖ్యం. అది కార్యక్రమానికి ముందు, అందరూ చేరి ఎదురుచూస్తున్నప్పుడు వస్తుంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 2011లో జరిగిన ప్రయోగంలో, ఇష్టమైన సంగీతం వింటున్నవారి మెదడులో, ఆనందంతో ముడిపడిన డోపమిన్ అనే రసాయనం రెండు చోట్ల, రెండు వేళల్లో విడుదలవుతున్నట్టు తేలింది. ఒళ్లు పులకరించే ఘట్టంలో ఒకచోట, ఆ ఘట్టం రాబోతోందని ఎదురుచూసేటప్పుడు ఇంకోచోట. నిరీక్షణకు మెదడులో సొంత బహుమతి ఉంది. దూరదర్శన్ రాగం మనకు ఆ నిరీక్షణకే గుర్తు.

సంగీతం గతాన్ని లాక్కొస్తుందని మొదట గమనించింది ప్రయోగశాలలు కావు. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇంటి మీద బెంగతో చిక్కిశల్యమయ్యే స్థితిని వ్యాధిగా వర్ణించి దానికి నాస్టాల్జియా అని పేరుపెట్టాడు. పరదేశాల్లో కూలికి యుద్ధం చేసే స్విస్ సైనికుల జబ్బుగా అది పేరుపడింది. కొండల మీద పశువులను పిలిచే పాట వినగానే ఆ సైనికులు ఏడ్చేవారనీ, కొలువు వదిలి పారిపోయేవారనీ, అందుకే వాళ్ల దండుల్లో ఆ పాట వాయించడాన్ని నిషేధించారనీ 18వ శతాబ్దంలో తత్వవేత్త రూసో రాశాడు. ఆ పాటలో విశేషమేమీ లేదని, అది మోసుకొచ్చే జ్ఞాపకాలదే ఆ శక్తి అని కూడా ఆయన గ్రహించాడు. 2009లో కాలిఫోర్నియాలో పీటర్ జనాటా చేసిన స్కానింగ్ అధ్యయనం ఈ పరిశీలనకు శరీరశాస్త్రపు ఆధారం ఇచ్చింది. చిన్ననాటి పాట సొంత జ్ఞాపకాన్ని రేపినప్పుడు, నుదుటి వెనుక మధ్యభాగంలో, మనల్ని గురించి మనం ఆలోచించేటప్పుడు పనిచేసే ప్రాంతమే చురుకవుతోంది.

ఇక్కడ వయసు పాత్ర గురించీ చెప్పాలి. నడివయసు దాటినవారిని జీవిత జ్ఞాపకాలు చెప్పమని, ఏ వయసువి ఎన్ని వచ్చాయో గ్రాఫు గీస్తే, పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య అది గుట్టలా లేస్తుంది. సంగీతంలో ఇంకో చిత్రముంది. 2013లో క్రమ్‌హాన్సల్, జుప్నిక్ అనే పరిశోధకులు అమెరికాలో ఇరవై ఏళ్ల విద్యార్థులకు దశాబ్దాల పాత పాటలు వినిపించారు. తమ కాలపు పాటలతో పాటు, తాము పుట్టకముందు అమ్మానాన్నల యౌవనంలో వచ్చిన పాటల దగ్గరా రెండో గుట్ట కనిపించింది. ఇంట్లో పాట మోగితే పిల్లలకు అది వారసత్వంగా అందుతుంది. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో 2005 తరువాత పుట్టిన పిల్ల దూరదర్శన్ రాగాన్ని కూనిరాగం తీస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగంగా నిలబెట్టడాన్ని నేను ఒప్పుకోను. చేదు జ్ఞాపకాల్లోని చేదు, తీపి జ్ఞాపకాల్లోని తీపి కన్నా త్వరగా తగ్గిపోతుందని మనోవిజ్ఞాన శాస్త్రం ఎన్నో దేశాల్లో నిర్ధారించింది. యాంటెన్నా తిప్పడానికి డాబా ఎక్కి వానలో తడిసిన చిరాకు పోయి నవ్వు మిగులుతుంది. కిటికీ బయట నిలబడి పరాయి ఇంటి టీవీ చూసి, తలుపు వేసేస్తే వెనక్కి వెళ్లిన పిల్లల చిన్నతనం కూడా ఆ దశాబ్దానిదే. ఆ అవమానాన్ని మన మురిపెంలో కలిపేయడం తప్పు.

అలాగని ఈ బెంగ బలహీనత కాదు. హోఫర్ జబ్బు అన్నదాన్ని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సెడికిడిస్, విల్డ్‌షుట్ బృందం 2006 నుంచి ప్రయోగాలతో పరీక్షించి, అది ఒంటరితనానికి మనసు చేసుకునే చికిత్స అని చూపింది. నాస్టాల్జియా ఎక్కువగా దిగులుగా ఉన్నప్పుడు కలుగుతుంది, కలిగాక నావాళ్లున్నారన్న భావాన్ని పెంచుతుంది. అదే బృందం చైనా పరిశోధకులతో కలిసి పల్లెల నుంచి నగరానికి వలస వచ్చిన పిల్లల్లో దీన్ని గమనించింది. ఎంత ఒంటరిగా ఉంటే గతాన్ని అంతగా తలచుకుంటున్నారు, ఆ తలపోత వల్లే కొంత తేరుకుంటున్నారు. 2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో దూరదర్శన్ రామాయణాన్ని మళ్లీ మొదలుపెట్టింది. ఏప్రిల్ 16న ఒక్క భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించింది. తలుపులు మూసుకున్న దేశం ఎందుకు అటు తిరిగిందో ఈ పరిశోధనలు చదివితే తెలుస్తుంది.

జ్ఞాపకం ఇంత గట్టిదైనా, దాన్ని రేపే ధ్వని ఉన్న టేపు గట్టిది కాదు. అయస్కాంత పొడిని టేపుకు పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి క్రమంగా చెడిపోతుంది. మన కోస్తా వాతావరణంలో ఆ ముప్పు మరీ ఎక్కువ. ప్రసార సంస్థలూ టేపుల ఖర్చుకు భయపడి పాతవాటి మీదే కొత్తవి రికార్డు చేసేవి. బ్రిటన్‌లో బీబీసీ 1960లలో తీసిన ‘డాక్టర్ హూ’ సీరియల్ భాగాలు అనేకం అలాగే పోయాయి. వాటిలో తొమ్మిది 2013లో నైజీరియాలో దొరికాయి. దొరకని భాగాలకు కూడా శబ్దం మాత్రం పూర్తిగా మిగిలింది, అభిమానులు ఇళ్లలో టీవీ దగ్గర టేప్‌రికార్డర్ పెట్టి నింపుకున్నారు కాబట్టి.

తెలుగు ఇళ్ల అటకల మీదా అలాంటి క్యాసెట్లు ఉంటాయి. ఉంటే పొడి చోటికి, చల్లని చోటికి మార్చండి. బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టకండి, టేపూ పోతుంది, ప్లేయర్ హెడ్డూ పాడవుతుంది, ముందు శుభ్రం చేయించాలి. కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణదారు సాధారణంగా సినిమానో నాటకాన్నో ఉంచి, ముందూ వెనకా ఉన్న ప్రకటనలు, అనౌన్సర్ మాటలు, ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న పలక, సంకేత సంగీతం కత్తిరించేస్తాడు. సినిమా ఇంకెక్కడైనా దొరుకుతుంది. ఆ మధ్య ముక్కలే దొరకవు, వాటిని కత్తిరించవద్దని ముందే చెప్పండి.